ఆమెకు చెప్పకమ్మా అన్నావు కదా, అందుకే రాస్తున్నా

బిడ్డా,

యేసయ్య నామంలో అమ్మ దీవెనలు.

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, నీ ఫోన్ వచ్చింది. నాలుగున్నర లక్షలు పోయాయన్నావు. షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ అన్నావు, అదేందో నాకు అర్థం కాలేదు గానీ డబ్బు పోయిందన్నది అర్థమైంది, కొంత లోన్ యాపుల్లో తీశావని, కొంత ఆఫీసులో దోస్తు దగ్గర తీసుకున్నావని అర్థమైంది. రెండు లక్షలు సర్దమన్నావు. అడిగినందుకు నాకు బాధ లేదు, కన్నవాళ్లను కాకపోతే ఎవరిని అడుగుతావు. కానీ చివర్లో గొంతు తగ్గించి ఒక మాట అన్నావు చూడు, "ఆమెకు మాత్రం చెప్పకమ్మా, టెన్షన్ పడ్తది" అని నీ భార్య గురించి, అది విన్నాక నాకు మాట రాలేదు. నేను సరే అనలేదు, కాదనలేదు. లైన్ కట్ అయిందనుకొని నువ్వే పెట్టేశావు.

ఆ మాట నేను ఇరవై ఏళ్ల కింద ఒకసారి విన్నాను బిడ్డా, మీ నాయన నోటి నుంచి.

ఫోన్ చేస్తే నేను ఏడుస్తా, నువ్వు "సరే సరే" అంటావు, ఏదీ పూర్తిగా చెప్పుకోలేం. అందుకే అంతా రాసి ఒకేసారి పంపుతున్నా. మీ నాయనకు నీ సంగతి ఆరోజే చెప్పాను. చెప్పొద్దని నువ్వు అనలేదు, అన్నా చెప్పేదాన్నే. ఇప్పుడు రాయబోయేది కూడా ఆయన్ని అడిగే రాస్తున్నా. "రాయి, సగం సగం రాయకు, మొత్తం రాయి" అన్నాడు.

2003లో నీకు ఏడేళ్లు. ఆ కరువు నీకు సరిగ్గా గుర్తుండదు, ట్యాంకర్ వెంట బిందెలు పట్టుకొని ఉరకడం గుర్తుంటే గుర్తుండొచ్చు. మన రెండెకరాల బత్తాయి తోట అప్పుడే కాపు మొదలుపెట్టింది. పిల్లల్లాగా పెంచిన చెట్లు కళ్ల ముందు ఆకు ముడుచుకుంటుంటే మీ నాయన నిద్రపోయేవాడు కాదు. ఒక బోరు వేశాడు, దుమ్ము వచ్చింది. రెండోది వేశాడు, నాలుగు రోజులు సన్నగా పోసి ఆగిపోయింది. మూడోది, నాలుగోది వేసింది నాకు తెలియనే తెలియదు, నేను అంగన్‌వాడీకి పోయిన వేళల్లో వేయించాడు. బోరు బండి గుంత చూసి అడిగితే పక్క పొలం వాళ్లదన్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు, ఆ వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు తెచ్చాడు, ఎనిమిది నెలలు నాతో అన్నం తిన్నాడు, నాతో కలిసి ప్రార్థన చేశాడు, ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పింది అప్పిచ్చినాయన మనిషి. అంగన్‌వాడీకి వచ్చి, పిల్లలు తింటుండగా, గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆయా ముందు, ఇద్దరు తల్లుల ముందు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే మీ నాయన అన్న మాట, "నువ్వు టెన్షన్ పడ్తవని చెప్పలే."

నిన్నూ చెల్లినీ తీసుకొని కల్వకుర్తి అమ్మమ్మ ఇంటికి పోయాను. సెలవులని మీకు చెప్పాను. పదకొండు రోజులున్నాం. అంటే నేనూ మీకు అబద్ధమే చెప్పాను, అది కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

ఆ పదకొండు రోజుల్లో నాకు మంట పుట్టించింది అప్పు కాదు. కరువు వస్తే రైతుకు అప్పు కాకుండా ఎట్లుంటది, ఆ సంవత్సరం మన ఊళ్లో అప్పు లేని ఇల్లేది? నా మంటల్లా ఒక్కటే. గుడిలో అందరి ముందు నిలబడి కలిమిలోనైనా లేమిలోనైనా నీతో ఉంటానని నేను మాట ఇచ్చాను. కలిమి పెద్దగా చూసింది లేదు. లేమి వచ్చిన రోజున, నా మాట నిలబెట్టుకునే రోజున, ఆ లేమి నాకు కనబడకుండా ఆయన దాచిపెట్టాడు. నాకు తెలియని కష్టంలో నేను తోడెట్లా ఉంటాను? ఆ పిల్ల కూడా నీకు ఇదే మాట ఇచ్చింది. నువ్వు దాస్తున్నది అప్పు ఒక్కటే అనుకుంటున్నావు. ఆమె తన మాట నిలబెట్టుకునే అవకాశాన్ని కూడా తీసేస్తున్నావు.

పన్నెండో రోజు పొద్దున మొదటి బస్సుకు మీ నాయన వచ్చాడు. పాస్టరయ్యను వెంటబెట్టుకొస్తాడు, పెద్దమనుషుల్ని తెస్తాడు అనుకున్నాం. ఒక్కడే వచ్చాడు. క్షమించమని కూడా అనలేదు. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ఒళ్లో పెట్టి పక్కకు పోయి కూర్చున్నాడు. ఏడుగురి పేర్లు, ఎవరి దగ్గర ఎంత, ఏ తారీఖున, వడ్డీ ఎంత, మొత్తం లక్షా ఎనభై ఆరు వేలు. నా జీతం అప్పుడు నెలకు వెయ్యి చిల్లర. ఆ పేజీలో నాలుగో లైను చదివి నేను లేచి లోపలికి పోయాను. నా పేరు మీద నడుస్తున్న చీటీ ఆయన పాడేసి డబ్బు ఎత్తుకున్నాడు. అది నాకు ఎవరూ చెప్పలేదు, అప్పులోళ్లకు కూడా తెలియదు. రాయకపోతే ఎప్పటికీ బయటపడేది కాదేమో. అయినా రాశాడు.

నేను తిరిగి వచ్చింది ఆ నాలుగో లైను చూసే.

వచ్చానంటే వెంటనే అంతా చక్కబడిందని కాదు. ఇక్కడ నువ్వు బాగా ఆగి చదవాలి. ఓర్పు గురించి మాట్లాడితే అందరూ ఆడదాని వైపే చూస్తారు. ప్రేమ దీర్ఘకాలము సహించును అని పౌలు కొరింథీయులకు రాసింది పెళ్లిళ్లలో చదివి, చదివినంతసేపు పెళ్లికూతురి మొహమే చూస్తారు. మన వీధిలోనే ఒకామె తాగొచ్చి కొట్టే మొగుడి గురించి చెప్పుకుంటే ఓర్చుకోమన్నారు. దెబ్బలు తినమని దేవుడు ఎక్కడా చెప్పలేదు, ఆ సలహా ఇచ్చినవాళ్లు తప్పు చేశారు, నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఓర్పు ఎవరికి ఎక్కువ కావాలో నేను మీ నాయన దగ్గర చూశాను. తప్పు చేసినవాడికి కావాలి. నేను దగ్గర దగ్గర ఏడాది ఆయన్ని నమ్మలేదు. దేవరకొండ పోయొస్తే ఎందుకు పోయావని అడిగేదాన్ని. జేబులు చూసేదాన్ని. బోరు బండి చప్పుడు వినిపిస్తే పొలం దాకా నడిచిపోయి చూసొచ్చేదాన్ని. ఒక్కరోజు కూడా "ఇంకా నమ్మవా, ఇంకెన్నాళ్లు" అని మీ నాయన అనలేదు. రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ తెచ్చి ఆరోజు లెక్క చదివేవాడు, టీ తాగిన రూపాయితో సహా. నేను వినకుండా అటు తిరిగి పడుకుంటే గోడకు చెప్పినట్టు చదివేవాడు. నిజం చెప్పేశాను కాబట్టి ఇక అంతా మరచిపోవాలి అనుకోవడం కూడా ఒక దబాయింపే బిడ్డా. నీకు ఆ దబాయింపు గుణం కొంచెం ఉంది, చిన్నప్పటి నుంచీ సారీ చెప్పి రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు నవ్వాలంటావు. ఆమె ఆరు నెలలు నవ్వకపోయినా నువ్వు ఆగాలి.

అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. తోట ఎండిపోయింది, చెట్లు కొట్టి పొయ్యిలోకి అమ్మాం, ఆ రోజు మీ నాయన అన్నం ముట్టలేదు. 2006లో ఉపాధి హామీ పని మొదటి విడతలోనే మన జిల్లాకు వచ్చింది, అంగన్‌వాడీ లేని రోజుల్లో ఇద్దరం చెరువు మట్టి మోశాం. నీకు గుర్తుందా, నీ స్కూల్ ఫీజు ఆలస్యమైందని బయట నిలబెట్టారని ఏడ్చుకుంటూ వచ్చావు. ఆ రాత్రి కూడా నోట్‌బుక్ తెరిచే ఉంది. మీ నాయన ఇంకో అప్పు చేస్తానన్నాడు, చేసే ముందు నన్ను అడిగాడు. అడిగాడు చూడు, ఆ రోజు నాకు లోపల ఏదో కుదుటపడింది.

ఇంకో సంగతి. నువ్వు ఫోన్‌లో "అమ్మతోడు, ఇంక చేయనే" అన్నావు. నాయనమ్మ ఉంటే నోటి మీద ఒకటిచ్చేది. మన ఇంట్లో ఒట్టు మాట ఎందుకు నిషేధమో నీకు చిన్నప్పుడు చెప్పాం, మళ్లీ చెప్తున్నా. రష్యా నుంచి వచ్చి 1890లో నల్గొండలో మిషన్ పెట్టిన ఫ్రీసెన్ దొర, దొరసాని మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు, మన దేవరకొండ, పాలమూరు వైపు పాత సంఘాలు చాలావరకు ఆ మెన్నోనైట్ బ్రదరెన్‌వే. మెన్నోనైట్లు మొదటి నుంచీ ఒట్టు పెట్టరు. కోర్టులో కూడా ప్రమాణం చేయం, మా మాటే నిజం అంటారు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యేసయ్య కొండమీద చెప్పింది వాళ్లు ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. ఒట్టు పెట్టి చెప్తేనే నిజమంటే, పెట్టకుండా చెప్పిన మాటలన్నీ ఏమిటి అని నాయనమ్మ అడిగేది. నువ్వు నాకు ఒట్టు పెట్టకు. ఆమెకు నిజం చెప్పు, చాలు.

అననీయ, సప్పీరాల కథ సండే స్కూల్లో నువ్వే అప్పజెప్పేవాడివి. పొలం అమ్మి, కొంత దాచుకొని, ఇంతే వచ్చిందన్నారు. యేసయ్య శిష్యుడు పేతురు దాచుకున్నందుకు అడగలేదు, పొలం నీదే, అమ్మిన సొమ్మూ నీ చేతిలోదే కదా అన్నాడు, అబద్ధం ఎందుకాడావు అని అడిగాడు, అననీయ అక్కడే పడి చచ్చిపోయాడు. మూడు గంటల తర్వాత భార్య వచ్చి, మొగుడికి ఏమైందో తెలియకుండా, అదే అబద్ధం చెప్పింది, ఆమే అట్లాగే చచ్చిపోయింది. భార్యాభర్తలు ఒక్క మాట మీద ఉండాలని మనం అందరికీ చెప్తుంటాం, వాళ్లిద్దరూ ఒక్క మాట మీదే ఉన్నారు పాపం. ఇప్పుడు నువ్వు నన్ను నీతో ఒక్క మాట మీద ఉండమంటున్నావు, నీ భార్యకు తెలియకుండా. నేను ఉండను. ఆమె పండక్కి వచ్చి "అత్తమ్మా, ఎట్లున్నవ్" అని పక్కన కూర్చొని వెల్లుల్లి ఒలుస్తుంటే, కడుపులో ఇది పెట్టుకొని ఆమె కళ్లలోకి నేను చూడలేను.

ఆమెకు ఇప్పటికే కొంత తెలుసనే నా అనుమానం. పోయిన నెల వచ్చినప్పుడు "ఈయన రాత్రి ఫోన్ పట్టుకొని బాత్రూంలోకి పోతుండు అత్తమ్మా" అంది. నేను ఆఫీసు పనేమోలే అన్నాను. తెలిసీ తెలియక నేను కూడా ఆమెను తప్పుదారి పట్టించాను. అందుకు ఆమెకు నేను వేరే చెప్పుకోవాలి.

డబ్బు సంగతి. నా దగ్గర రెండు లక్షలు లేవు. పోస్టాఫీసులో లక్షా ఇరవై వేలు ఉన్నాయి. ఇస్తాం, కానీ కోడలి చేతికి ఇస్తాం. ఆమె వద్దంటే వద్దు, వేరే దారి చూద్దామంటే ఆమె చెప్పిన దారే చూద్దాం. యాపుల అప్పు ముందు తీర్చాలని మీ నాయన అంటున్నాడు, అవి రోజురోజుకూ పెరుగుతాయట, ఇంట్లోవాళ్ల నంబర్లకు కూడా ఫోన్లు చేస్తారట. ఆమెకు ఎవరో కొత్తవాడు ఫోన్ చేసి చెప్పకముందే నువ్వు చెప్పు. నాకు అంగన్‌వాడీ గుమ్మంలో జరిగింది ఆమెకు ఆమె ఆఫీసులో జరగొద్దు. ఆ ఫోన్‌లోని ట్రేడింగ్ యాప్ ఆమె ముందే తీసేయ్, తీసేశానని చెప్పడం వేరు.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియకపోతే పేపర్ మీద రాయి. ఎవరికెంత, ఎప్పుడు తీసుకున్నావు, ఏ రోజు ఎంత పోయింది. సిగ్గనిపించే లైను ఒకటి ఉంటది, అది వదిలేయాలనిపిస్తది. అది వదిలేయకు. ఆమె కోపపడితే పడనీ, పుట్టింటికి పోతానంటే బస్సెక్కించి రా, వెంటపడి బతిమాలకు, రోజూ ఒకసారి ఫోన్ చెయ్, ఎత్తకపోతే మెసేజ్ పెట్టు. కోపం రాత్రి దాకా ఉండొద్దని బైబిల్లో ఉంది కదా అని ఆమె మీద వాక్యం ప్రయోగించకు. ఆ వాక్యం నీ కోపానికి, ఆమె కోపాన్ని తొందరపెట్టడానికి కాదు.

శనివారం ఇద్దరూ రండి. బస్సెక్కకముందే ఆమెకు చెప్పి ఉండాలి, ఇక్కడికొచ్చి నా కొంగు చాటున చెప్పడం కుదరదు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దేవరకొండ బస్సు పొద్దున్నే పట్టుకుంటే సీటు దొరుకుతది, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, ఆధార్ కార్డు పెట్టుకోమను. ఒకవేళ ఆమె రానంటే నువ్వొక్కడివే రావద్దు. అక్కడే ఉండు, ఇంట్లో వంట చెయ్, ఆమె మాట్లాడేదాకా ఉండు. మేమే వస్తాం, పిలిస్తే.

నిన్న సంతకు పోయినప్పుడు మీ నాయన కొత్త లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాడు. ఎందుకని నేను అడగలేదు. పాత న్యూస్ పేపర్‌తో అట్ట వేసి, మన పాత నోట్‌బుక్ పక్కనే బీరువా మీద పెట్టాడు. మల్లేపల్లి దాటాక ఫోన్ చెయ్, ఆటో తీసుకొని బస్టాండ్‌కు వస్తాడు.

మీ అమ్మ