వార్షిక నివేదిక: పిల్లల వేసవి క్యాంపు విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

జూన్ చివరి వారంలో పెన్సిల్వేనియాలోని పోకొనో కొండల్లో మన సంఘం నడిపే క్యాంపు గురించిన నివేదిక ఇది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు ఆదివారం మధ్యాహ్నం చేరి శనివారం పొద్దున ఇళ్లకు వెళ్తారు. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు కాబట్టి ఇక్కడ డబ్బుల ఊసు ఎత్తడం లేదు. పిల్లలకు ఇబ్బంది ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది, వచ్చే ఏడాదికి తల్లిదండ్రులు ఏం సిద్ధం చేసుకోవాలి అన్నదే చెబుతున్నాం.

ఇంటి మీద బెంగ

ఆటల్లోనో నీళ్లలోనో ఉన్నంతసేపు పిల్లలకు ఇల్లు గుర్తురాదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మంచాల మీద విశ్రాంతి తీసుకునే గంటలోనూ, రాత్రి దీపాలు ఆర్పాకానూ బెంగ మొదలవుతుంది. మొదటి రెండు రాత్రులు గట్టిగా ఉంటుంది, తర్వాత చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. చిన్నపిల్లలు అమ్మ కావాలని నేరుగా అనరు, కడుపు నొప్పి అంటారు. అది బెంగేనని తీర్మానించే ముందు నర్సు జ్వరం చూసి, ఆ రోజు నీళ్లు ఎంత తాగారో, దొడ్డికి వెళ్లారో లేదో అడుగుతారు. అందరూ వాడే మరుగుదొడ్డికి వెళ్లలేక రెండు మూడు రోజులు బిగబట్టుకునే పిల్లలు ప్రతి క్యాబిన్‌లోనూ ఉంటారు. ఇంట్లో నీళ్లు వాడే అలవాటున్న పిల్లలకు వట్టి కాగితం మరీ ఇబ్బంది. అందుకని ప్రతి మరుగుదొడ్డిలో మూత ఉన్న బకెట్టు, మగ్గు పెట్టిస్తున్నాం. చిన్న విషయమే కానీ కడుపు నొప్పుల్లో సగం దీనితోనే తీరతాయని మా నమ్మకం.

బెంగను ముదరబెట్టే తల్లిదండ్రుల మాట ఒకటుంది: "నచ్చకపోతే చెప్పు కన్నా, వచ్చి తీసుకెళ్లిపోతాం." ఈ భరోసాతో వచ్చిన పిల్లలు సర్దుకునే ప్రయత్నం చేయరు, తీసుకెళ్లే కారు కోసం చూస్తూ కూర్చుంటారు. దాని బదులు "బెంగగా ఉంటే క్యాబిన్‌లో అక్కకో అన్నకో చెప్పు, వాళ్లు తోడుంటారు" అని పంపండి. మే నెలలో ఒక శని, ఆదివారం పిన్ని ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో ఫోన్ లేకుండా రెండు రాత్రులు పడుకోబెట్టి చూడండి. అంతకు మించిన తయారీ లేదు.

ఉత్తరాలు పోస్టులో వేస్తే పిల్లలు ఇంటికి చేరాక వస్తాయి. చేర్పించే రోజే, కవరు మూల ఏ రోజు ఇవ్వాలో రాసి మాకివ్వండి. పెద్ద అక్షరాలతో నాలుగైదు వాక్యాలు చాలు. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, అమ్మమ్మ అన్నం తినడం లేదు" అని రాస్తే ఆ రాత్రి మళ్లీ ఏడుపే. తోటలో బెండకాయలు కాశాయనో, పక్కింటి కుక్క పారిపోయి దొరికిందనో రాయండి. ఫోన్లు మాత్రం యథాప్రకారం లేవు. సాయంత్రం పెట్టే ఫొటోలు పెద్దవి చేసి చూసి "మావాడు నవ్వడం లేదేమిటి" అని అడగడం దయచేసి మానండి. ఎండ కళ్లలో పడితే ఎవరూ నవ్వరు.

వంటిల్లు

అద్దె క్యాంపుల్లో వంటవాళ్లు అలర్జీ తెచ్చే వేరుశెనగ దగ్గర జాగ్రత్తగానే ఉంటారు. మన వంటల్లో అలాంటివి ఎక్కడెక్కడ దాగి ఉంటాయో వాళ్లకు తెలియదు. పులిహోర పోపులో పల్లీలు, ఇడ్లీలోకి పల్లీ చట్నీ, ఉప్మాలో, పొంగలిలో జీడిపప్పు, వంకాయ కూరలో నువ్వుల పొడి. నువ్వులను 2023 జనవరి 1 నుంచి అమెరికాలో తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా లేబుళ్ల మీద తప్పనిసరిగా చూపాలి. ఇంట్లో దంచి తెచ్చే పొడులకు లేబులే ఉండదు. అందుకే ఇంటి పొడులు, పచ్చళ్లు క్యాంపు వంటింట్లోకి రానివ్వం. మా వంటల్లో పల్లీలు, జీడిపప్పు, నువ్వులు మూడూ ఉండవు. పులిహోరకు వేయించిన శనగపప్పు, మినప్పప్పు సరిపోతాయి. పోపుకు కొత్త నూనె, విడి గరిటె వాడాలి.

కొలతలు: పూటకు పిల్లకు 80 నుంచి 100 గ్రాముల బియ్యం, పులిహోరకైతే కిలో బియ్యానికి నూరు గ్రాముల చింతపండు. కొండ మీద జూన్ రాత్రులు కూడా చల్లగానే ఉంటాయి కనుక ఇడ్లీ పిండి బయట పెడితే పొంగదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టాలి.

అన్నం దగ్గరే అసలు ప్రమాదం. వండిన అన్నాన్ని 135 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి, లేదా రెండు గంటల్లో 70కి, ఆపై నాలుగు గంటల్లో 41కి చల్లార్చాలి. వార్చిన అన్నం లోతు గిన్నెలో అలాగే వదిలేస్తే నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. అందులో పెరిగే బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. కొండ ఎక్కే రోజు పొట్లాలకు ముందురాత్రి అన్నం పనికిరాదన్నది ఇందుకే. రెండంగుళాల లోతు పళ్లేల్లో పరిచి చల్లార్చి, ఐసు పెట్టెల్లో పంపుతున్నాం.

మందులు

ప్రతి మందూ పిల్ల పేరున్న ఫార్మసీ డబ్బాలోనే రావాలి. ఇండియా నుంచి తెచ్చిన పారాసిటమాల్ స్ట్రిప్పులు, హోమియో గుళికలు నర్సు తీసుకోరు. తీవ్రమైన అలర్జీ వస్తే పొడిచే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను 15 నుంచి 30 కిలోల పిల్లలకు 0.15 మిల్లీగ్రాములు, ఆపై బరువుకు 0.3. ఎనిమిది పదేళ్ల మధ్య చాలామంది ఈ గీత దాటతారు. తల్లిదండ్రులు మాత్రం పాత పెన్నే పంపుతారు. డాక్టరునడిగి మార్పించి, గడువు చూసి, రెండు పెన్నులివ్వండి. ఒక డోసు చాలకపోవచ్చు. పెన్ను వాడాక పిల్ల తేరుకున్నట్టు కనిపించినా 911కు ఫోన్ చేయాల్సిందే.

పేలు ఉన్నాయేమో చేరే రోజే చూస్తాం. కొబ్బరినూనె పెట్టి బిగించిన రెండు జడల్లో ఈపులు కనబడవు, ఆ రోజుకు తల పొడిగా ఉంచండి.

అడవి, చెరువు

ఆ కొండల్లో లైమ్ జబ్బు తెచ్చే జింక గోమార్లు (డీర్ టిక్స్) ఉన్నాయి. జూన్‌లో తిరిగేవి గసగసాల గింజంత ఉంటాయి. అంటుకుని సాధారణంగా ఒక రోజు దాటితే గానీ జబ్బు ఎక్కదు కాబట్టి రోజూ సాయంత్రం మోకాళ్ల వెనుక, చంకల్లో, చెవుల వెనుక, జుట్టు మొదళ్లలో వెతికితే చాలు. కనబడితే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. వ్యాజలీను పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనిచేయవు. పెర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకే, ఒంటికి రాయకూడదు. ఇంటికొచ్చాక పొడిబట్టలను డ్రయ్యరులో పది నిమిషాలు గట్టి వేడి మీద తిప్పండి.

ఈత పరీక్ష అందరికీ మొదటి రోజే. పూల్లో బాగా ఈదే పిల్లలు కూడా చెరువులో అడుగు కనబడక, నీళ్లు చల్లగా ఉండి బెదురుతారు. దరఖాస్తులో "ఈత వచ్చు" అని రాసినా మినహాయింపు లేదు. జంటలుగా దిగడం, ఈల వేయగానే జంట చేతులెత్తడం, బోర్డు మీది బిళ్లలతో లెక్క సరిచూడటం ఎప్పటిలాగే సాగుతాయి.

వాలంటీర్లు

అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం ఎనిమిదేళ్ల వాళ్లు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు ఎనిమిది మందికి ఒకరు చొప్పున పెద్దలు కావాలి. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు గమనించాలి: గత పదేళ్లుగా పెన్సిల్వేనియాలో నివాసం లేకపోతే రాష్ట్ర పోలీసుల నేరచరిత్ర పత్రం, పిల్లలపై వేధింపుల చరిత్ర లేదన్న పత్రం, ఈ రెండింటితో పాటు ఎఫ్‌బీఐ వేలిముద్రలు కూడా తప్పనిసరి. ఏప్రిల్ లోపు పూర్తిచేయని వారికి క్యాబిన్ కేటాయించం. వంట సాయానికి మాత్రమే వస్తామన్నా ఇదే నియమం.

పిల్లల దరఖాస్తుతో డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య పత్రం, టీకాల జాబితా, బీమా కార్డు రెండువైపుల నకలు జతచేయాలి. చివరి తేదీ మే 15.