కూలే మంచును ‘హిమపాతం’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా చలికాలంలో కశ్మీర్ నుంచో హిమాచల్ నుంచో మంచు కింద చిక్కుకుని మనుషులు చనిపోయారన్న వార్త వస్తుంది. మన పత్రికలు చాలాసార్లు దానికి ‘హిమపాతం’ అని శీర్షిక పెడతాయి. ఆకాశం నుంచి మంచు కురవడమూ హిమపాతమే, కొండవాలు మీద పేరుకున్న వేల టన్నుల మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూకడమూ హిమపాతమే అయినప్పుడు, ఆ రెండో దాని స్వభావం చదివేవారికి బోధపడదు. మంచు పడింది, పాపం దొరికిపోయారు అనుకుని పేజీ తిప్పేస్తారు. కానీ స్కీయింగ్‌కు (కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆటకు) వెళ్లి ఇలా కూలే మంచుచరియల కింద ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో అత్యధికుల విషయంలో ఆ మంచు దానంతటదే కదల్లేదు. ఇలాంటి ప్రమాదాల్లో పదింట తొమ్మిదింటిలో దాన్ని కదిపింది ఆ స్కీయర్ బరువో, అతని వెంట వచ్చినవారి బరువో.

నాది ఖమ్మం. పదకొండేళ్లుగా అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు ఆరేడేళ్లకే స్కీయింగ్ నేర్చుకుంటారు. పెద్దయ్యాక రిసార్టు వాలులు చప్పగా అనిపించి, తాడు కట్టిన హద్దు దాటి ఎవరూ తొక్కని మంచులోకి వెళ్లాలని చూస్తారు. దాన్నే ఇక్కడ బ్యాక్‌కంట్రీ అంటారు. మా అబ్బాయి ఆ మాట ఎత్తిన ఏడాది, వాణ్ణి ఆపడం నావల్ల కాదని గ్రహించి, వాడితోపాటు నేనూ మంచుచరియల శిక్షణలో చేరాను.

రెండో రోజు మా చేత ఛాతీ లోతు గుంట తవ్వించారు. గుంట గోడలో పైన రెండడుగుల మందాన మంచు గట్టిగా, నమ్మదగినట్టుగా కనిపించింది. దాని కింద బెత్తెడు మందాన వేరే పొర ఉంది. ఆ మంచును గుప్పిట్లోకి తీసుకుని ఎంత నొక్కినా ముద్ద కాలేదు. పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. చలికాలం మొదట్లో పల్చగా పడిన మంచు, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో కింద నేల వెచ్చదనానికీ పైన గడ్డకట్టించే గాలికీ నడుమ నలిగి, ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారిపోతుందని, ఆ తర్వాత వచ్చే తుఫానులూ గాలులూ దాని మీద బరువైన పలకను పేరుస్తాయని మా శిక్షకుడు చెప్పాడు. ఏటవాలు బల్ల మీద ఆవాలు పరిచి వాటిమీద బండ పెట్టినట్టే ఉంటుంది ఆ అమరిక. గుంట అంచున ఒక దిమ్మను విడిగా కోసి, దాని మీద పార ఆనించి ముంజేత్తో మెల్లగా తట్టాడు. మూడో దెబ్బకు పై పలక మొత్తం, మూల కూడా విరగకుండా, మా కాళ్ల మీదికి జారింది. వాలు కొలిస్తే ముప్పై ఎనిమిది డిగ్రీలు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య వాలుల్లోనే ఇటువంటి పలకలు ఎక్కువగా తెగుతాయి; స్కీయర్లు ఇష్టపడేదీ సరిగ్గా ఆ వాలులనే.

ఆ మధ్యాహ్నం, స్కీయర్లు ఒంటికి కట్టుకునే, సంకేతాలు పంపే బీకన్ పరికరాన్ని ఒక సంచిలో పెట్టి మంచులో పాతి, మమ్మల్ని వెతకమన్నారు. సంకేతం పట్టుకుని, పొడవాటి కడ్డీతో గుచ్చి చూసి, పారతో తవ్వి ఆ సంచిని బయటికి తీసేసరికి మా ఇద్దరికీ పంతొమ్మిది నిమిషాలు పట్టింది. పది, పదిహేను నిమిషాల్లో తీయగలిగితే మంచు కింద పూడిపోయినవారిలో పదిమందికి తొమ్మిదిమంది వరకు బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒక్కరు బతకడమే గగనం. జారేటప్పుడు నీళ్లలా పారే మంచు, ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుపోతుంది, వేలు కదపడానికి కూడా వీలుండదు. మా అబ్బాయి ఆ సంచి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

పెద్ద చరియల సంగతికి వస్తే ఈ పరికరాల లెక్క కూడా తప్పుతుంది. మంచుచరియల విధ్వంసాన్ని ఒకటి నుంచి అయిదు వరకు కొలుస్తారు. రెండో స్థాయిది మనిషిని చంపగలదు. మూడోది కారును నుజ్జు చేసి పూడ్చేస్తుంది, దాని బరువు సుమారు 1,000 టన్నులు. నాలుగోది సుమారు 10,000 టన్నులు, అంటే పది టన్నుల లారీలు వెయ్యి ఒకేసారి దొర్లుకుంటూ వచ్చినట్టు. దాని దారిలో చెట్లుంటే ఊపిరాడకపోవడం దాకా కూడా పోదు, దెబ్బలకే ప్రాణం పోతుంది.

మా ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న స్టీవెన్స్ పాస్ దగ్గర 1910 మార్చి 1న వెల్లింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఆగి ఉన్న రెండు రైళ్లను మంచుచరియ లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో ఇంతకంటే ఎక్కువమందిని చంపిన మంచుచరియ లేదు. అదే కనుమ దగ్గర, టన్నెల్ క్రీక్ అనే చోట, 2012 ఫిబ్రవరి 19న పదహారుమంది స్కీయర్లు రిసార్టు హద్దు దాటి దిగారు. వారిలో వృత్తి స్కీయర్లున్నారు, ఆ కొండను ఏళ్లుగా ఎరిగినవారున్నారు. చరియ విరిగి ముగ్గురు చనిపోయారు. దానిలో కొట్టుకుపోయిన ఒకామె గాలిసంచి ఉన్న బ్యాగు వల్ల పైకి తేలి బతికింది. అంతమంది అనుభవజ్ఞులు ఒకచోట ఉన్నప్పుడు ఎవరికి వారు ‘పక్కవాడికి తెలిసే ఉంటుందిలే’ అనుకోవడం సహజం. నాకు మంచుకంటే ఎక్కువ భయం కలిగించేది ఈ మొహమాటమే.

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ సంగతీ ఇంతే. అక్కడి గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ మనిషిని నిమిషాల్లో సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు, అఫర్వత్ కొండ మీదికి చేరుస్తుంది. అంత తేలిగ్గా పైకి వెళ్లినవారికి, పక్కనే ఉన్న తెల్లటి వాలు కాపలా లేని అడవి లాంటిదన్న ధ్యాస ఉండదు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద పూడిపోయిన పదిమంది జవాన్లలో మన కర్నూలు జిల్లా బిడ్డ ఒకడున్నాడు. ఆ జవాను ఆ చోటు వదిలి వెళ్లలేడు, అది అతని విధి. స్కీయర్ మాత్రం ఆ ఉదయం హెచ్చరిక చదివి వెనక్కి తిరగగలడు. రెంటినీ ఒకే మాటతో రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

అందుచేత మీకు రెండు విన్నపాలు. మంచు కురిస్తే హిమపాతమనండి, కూలితే మంచుచరియ అని రాయండి. స్కీయర్లో, పర్వతారోహకులో చనిపోయిన వార్తలో, ఆ రోజు హెచ్చరిక ఏ స్థాయిలో ఉందో, ప్రమాదం హద్దు లోపల జరిగిందో బయట జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పండి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ (డిఫెన్స్ జియోఇన్‌ఫర్మేటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్) జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలకు మంచుచరియల హెచ్చరికలు ఇస్తూనే ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా హైదరాబాదు, విజయవాడల నుంచి మంచు చూడటానికి వెళ్లే కుటుంబాల కోసం ఆ హెచ్చరికను మీ వాతావరణ వార్తల పక్కన రెండు పంక్తుల్లో వేయగలిగితే, టికెట్టు చేతిలో పట్టుకున్న ఏ కుర్రాడైనా దాన్ని చదివే అవకాశం ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఖమ్మం (ప్రస్తుతం సియాటిల్)