నది సంగతి కూడా గెస్టులకు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులొస్తే చాలు, బెంగళూరులో మా అందరి ఫోన్లలోనూ మైసూరు జిల్లాలోని తలకాడు చుట్టుపక్కల రిసార్టుల ప్రకటనలే. ఎడారిలో ఉన్నట్టుంటుంది, పక్కనే కావేరి, దగ్గర్లోనే శివనసముద్రం జలపాతాలు అని. అందులో అబద్ధం లేదు. గంగరాజుల రాజధాని అక్కడ ఇసుక కింద ఉంది. పాతాళేశ్వరుణ్ణి చూడాలంటే మెట్లు దిగి గుంతలోకి వెళ్లాలి. 'తలకాడు ఇసుకపాలు కావాలి, (పక్క ఊరు) మాలంగి లోతైన మడుగైపోవాలి' అని శపించి, శ్రీరంగపట్నం పాలకుడి భార్య అలమేలమ్మ కావేరిలో దూకిందని అక్కడి కథ. మాకు చూపించినాయన ఇసుక కథ అరగంట చెప్పాడు. మడుగు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

పోయిన దసరాకి అనంతపురం నుంచి మా చెల్లెలి పిల్లలు వస్తే అందరం కలిసి వెళ్లాం. పెద్దవాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోటోకి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కాలి కింద ఇసుక జారి మెడ దాకా మునిగిపోయాడు. పుట్టి నడిపే పెద్దాయన తెడ్డు అందించి లాగాడు కాబట్టి సరిపోయింది. వాడి చెప్పు ఒకటి గిర్రున తిరుగుతూ కొట్టుకుపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. "పొద్దున ఈ రాయి పైకి కనబడుతోందమ్మా" అని ఆయన చూపించాడు. అప్పటికి రాయి మీద జానెడు నీళ్లు.

మేం దిగిన రిసార్టులో టిఫిన్ ఎన్నింటికో, క్యాంప్‌ఫైర్ ఎక్కడో చెప్పారు. నీళ్ల గురించి అడిగితే "అది మా పరిధి కాదు మేడం" అన్నారు.

ఎందుకు కాదు? కృష్ణరాజసాగర్ (కె.ఆర్.ఎస్.) డ్యాం నుంచి వదిలిన కావేరి, తన డ్యాం దాటిన కబిని నది టి.నరసీపుర దగ్గర కలిసి తలకాడు మీదుగా వస్తాయి. వాన కొడగులోనో వయనాడులోనో పడుతుంది. ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. కె.ఆర్.ఎస్. పూర్తి మట్టం 124.80 అడుగులు, ఇవాళ ఇంత ఉంది, ఇన్ని క్యూసెక్కులు వదిలారు అని పేపర్లలో వస్తూనే ఉంటుంది. ఆ అంకెనే రిసెప్షన్‌లో ఒక బోర్డు మీద రాయడానికి ఎంత ఖర్చవుతుంది?

మేం చూసిన చోట ఒడ్డున ఉన్న హెచ్చరిక కన్నడలో ఉంది, సగం రంగు పోయింది. లిపి మనదానికి దగ్గరే కనుక కూడబలుక్కుని చదవచ్చు గాని, రంగు పోయిన అక్షరాలను ఎవరు చదవగలరు? తెలుగు, తమిళం, హిందీల్లో కూడా రాయించాలి. లైఫ్ జాకెట్లు, తాళ్లు ఉంటేనే రిసార్టుకి లైసెన్సు ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, పుట్టి నడిపేవాళ్లకు నెల జీతం ఇచ్చి ఒడ్డున కాపలా పెట్టాలి. ఏ గుంత ఎక్కడుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా పిల్లవాడు బతికింది అలాంటి ఒకాయన వల్లే.

పర్యాటక శాఖ, జిల్లా అధికారులు ఈ పని వేసవి సెలవుల లోపే చేయాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, రామమూర్తినగర్, బెంగళూరు