గ్లాసు పాలు, ఒంటిగంట మంట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకిచ్చిన జవాబు చూశాను. కడుపులో మంట ఉన్నవాళ్లు పడుకునే ముందు పాలు తాగితే, అందులోని అమైనో ఆమ్లాలు యాసిడ్‌ను అణిచేస్తాయని రాశారు. నేను ఇరవై ఆరేళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అంతకన్నా ముఖ్యం, చాలాకాలం అల్సర్‌తో వేగినవాణ్ణి.

పాలు తాగగానే హాయిగా ఉంటుంది, కాదనను. పాలలోని ప్రోటీను అప్పటికే ఉన్న ఆమ్లం ఘాటును కాస్త తగ్గిస్తుంది. ఆ హాయిని నమ్ముకునే రోజూ పదకొండింటికి గ్లాసుడు తాగి పడుకునేవాణ్ణి. ఒంటిగంట దాటేసరికి మంటతో లేచి కూర్చునేవాణ్ణి. చాలలేదేమోనని మరో అరగ్లాసు! పాఠాలు చెప్పేవాడి తెలివి అది.

ప్రోటీను ముక్కలై పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు బయటపడగానే జీర్ణాశయం కింది భాగంలోని జి కణాలు పసిగడతాయి. ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలంటే వాటికి మరీ చురుకు. పాలలోని కాల్షియం కూడా వాటిని తట్టిలేపేదే. అవి వదిలిన గ్యాస్ట్రిన్ హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరిగి మళ్లీ జీర్ణాశయానికే వచ్చి, అక్కడి కొన్ని కణాల చేత హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలిస్తుంది. దాంతో గ్రంథులు ఆమ్లం ఊరిస్తాయి. ఈ హిస్టమిన్ తయారయ్యేది కూడా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచే! 1905లో ఎడ్కిన్స్ అనే శాస్త్రవేత్త గ్యాస్ట్రిన్ సంగతి చెబితే, అతను చూసింది హిస్టమినేనని చాలామంది కొట్టిపారేశారు. 1964లో గ్రెగరీ, ట్రేసీ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు గ్యాస్ట్రిన్‌ను శుద్ధంగా వేరుచేసి చూపేదాకా ఆ అనుమానం వదల్లేదు.

ఆమ్లం ఊరడం తప్పు కాదు, ప్రోటీను అరగాలంటే అది కావాలి. ల్యాబ్‌లో ఉడికిన తెల్లసొన ముక్కలు రెండు టెస్ట్‌ట్యూబుల్లో వేసి, రెండింటిలోనూ ప్రోటీనును అరిగించే పెప్సిన్ అనే ఎంజైము పోసి, ఒకదానిలో మాత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు కలిపేవాళ్లం. 37 డిగ్రీల నీళ్లలో ఉంచితే, ఆమ్లం ఉన్న ముక్క అంచులు మెల్లగా కరిగి అద్దంలా మారేవి. రెండోది కోసినప్పటిలాగే ఉండేది. చిక్కల్లా పుండున్న కడుపుకి, పడుకునే వేళ ఆ పని పురమాయించడంలోనే.

నా పుండుకి అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని తర్వాత పరీక్షలో తేలింది. రెండు వారాల మందులతో తగ్గిపోయింది. దయచేసి ఆ జవాబుకి సవరణ వేయండి. ఆ పాఠకుడు ఈపాటికి రెండో గ్లాసు మొదలుపెట్టి ఉంటాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర అధ్యాపకుడు