మార్మన్ క్రతువులు: ముందు తేదీలు చూడాలి

సంపాదకులకు,

బెంగళూరులో కడుతున్న, మార్మన్లు అనే క్రైస్తవ శాఖవారి దేవాలయం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. అందులో జరిగే క్రతువులన్నీ ఫ్రీమేసన్లు (మేసన్లు) అనే రహస్య సోదర సంఘం దగ్గర అరువు తెచ్చుకున్నవనీ, ఆనాటి నుంచి అక్షరం మారలేదనీ రాశారు. మొదటి మాటలో సగమే నిజం. రెండోది పూర్తిగా తప్పు.

ఎండోమెంట్ అనే దీక్షను మార్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ అమెరికాలో ఇల్లినాయ్‌లోని నావూలో, తన ఎర్ర ఇటుకల దుకాణం మేడ మీద, 1842 మే 4న తొమ్మిదిమందికి మొదటిసారి ఇచ్చాడు. దానికి ఏడు వారాల ముందే, మార్చి మధ్యలో, అతను మేసన్ అయ్యాడు. సైగల్లో, ప్రమాణాల్లో పోలికలు ఉన్నాయి, కాదనలేం. కానీ కడగడం, నూనెతో అభిషేకించడం 1836లోనే ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో జరిగాయి. మృతుల తరఫున బతికున్నవాళ్లు నీటమునిగి తీసుకునే బాప్తిస్మం 1840లో మొదలైంది. ఈ రెండూ మేసన్ల ఖాతాలో పడవు. అందుకే కడగడం-అభిషేకం, ఎండోమెంట్, మృతుల బాప్తిస్మం, కుటుంబాలను శాశ్వతంగా ముడివేసే సీలింగ్, ఈ నాలుగింటి చరిత్రనూ విడివిడిగా రాసుకోవాలి. కలిపి రాస్తే తేదీలు కలగాపులగమవుతాయి.

అసలు చిక్కు ఆధారాల దగ్గర. ఎండోమెంట్ పాఠాన్ని పూర్తిగా కాగితం మీద పెట్టించింది 1877లో, యూటాలోని సెయింట్ జార్జ్‌లో, జోసెఫ్ తర్వాత సంఘ నాయకుడైన బ్రిగమ్ యంగ్. అంతవరకు నోటిమాటే. కాబట్టి 1842 నాటి అసలు పాఠమంటూ ఎవరు చూపినా నమ్మనక్కర్లేదు. మే 4 నాటి సంగతిని జోసెఫే చెబుతున్నట్టు మార్మన్ సంఘం అచ్చువేసిన చరిత్రలో ఉన్న పొడుగాటి వర్ణన కూడా, చిన్న నమోదును పట్టుకుని అతను చనిపోయాక గుమాస్తాలు పెంచి రాసినదే. ఉత్తమపురుషలో ఉంది కదా అని పరిశోధకులు బోల్తాపడేది ఇక్కడే.

ప్రతి ఆధారానికీ మూడు గడులు గీయండి: చూసిన ఏడాది, రాసిన ఏడాది, అచ్చయిన ఏడాది. సంఘం విడిచినవాళ్లు అచ్చువేసిన రహస్య వెల్లడి పుస్తకాలకు ఇది మరీ అవసరం. వాటిలో కోపం ఉంటుంది, వివరమూ ఉంటుంది. నావూ దేవాలయంలో 1845 డిసెంబరు నుంచి 1846 ఫిబ్రవరి దాకా అయిదువేలమందికి పైగా దీక్ష తీసుకున్నారు. ఆ డిసెంబరులో సంఘ పెద్ద హీబర్ కింబాల్ పేరిట గుమాస్తా విలియం క్లేటన్ రాసిన దినచర్య ఉంది. వెల్లడి పుస్తకంలోని సంగతులు దానితో సరిపోతున్నాయా లేదా చూడాలి. సరిపోని భాగాన్ని పారేయకూడదు, పక్కన గుర్తుపెట్టుకోవాలి.

ఇక మార్పులంటారా, బోలెడు. జోసెఫ్ హత్యకు ప్రతీకారం కోరే ప్రమాణాన్ని 1927లో తీసేశారు. 1955లో స్విట్జర్లాండ్ దేవాలయం కోసం, ఎండోమెంట్‌లో నటులు ఆడి చూపే నాటకభాగాన్ని సినిమాగా తీశారు. ఒకే గదిలో పలు భాషలవారికి చూపాలంటే నటులతో కుదరదు మరి. రహస్యం బయటపెడితే శిక్ష అని సూచించే అభినయాలు 1990లో పోయాయి. 2019లో స్త్రీల పాత్రకు సంబంధించిన మాటలు మారాయి. ఉదాహరణకు, 1930ల నాటి అచ్చుపాఠం పట్టుకుని బెంగళూరులో రేపు జరగబోయేదాన్ని వర్ణించడం కుదరదు.

మృతుల బాప్తిస్మాన్ని శ్రీకూర్మంలో పెట్టే పిండాలతో మీ వ్యాసకర్త పోల్చారు. మన జిల్లాల పాఠకుడికి చప్పున అర్థమవుతుంది గానీ, ఆ పోలిక ఎంతో దూరం నడవదు. మార్మన్లలో ఒక్కొక్క మృతుడి పేరుకూ ఒక మునక, ఒక నమోదు. పైగా దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ మృతుడి ఇష్టమని వారి నమ్మకం. తొలినాటి నావూ పుస్తకాల్లో స్త్రీల తరఫున మగవాళ్లు మునిగినట్టు కనబడుతుంది. అది రాతపొరపాటు కాదు. స్త్రీకి స్త్రీ, పురుషుడికి పురుషుడు అన్న నియమం తర్వాత వచ్చింది.

జోసెఫ్ స్మిత్ కాలపు పత్రాలు చాలావరకు సంఘమే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. విజయనగరంలో కూర్చునే చదవొచ్చు. ఎండోమెంట్ పాఠం మాత్రం అందులో ఉండదు. మీ వ్యాసకర్త ఉదహరించిన పాఠం ఏ ఏడాది అచ్చులోదో వచ్చే సంచికలో తెలుపగలరు.

– చరిత్ర అధ్యాపకులు, విజయనగరం