పచ్చబడ్డ మా పూల్‌ని గట్టెక్కించిన అక్కకి కృతజ్ఞతలు

మూడు వారాల కిందట మా ఇంటి స్విమ్మింగ్ పూల్ గట్టున నిలబడి మా చిన్నాడు "నాన్నా, అడుగేది?" అన్నాడు. పాడుబడ్డ కోనేరులా ఉన్నాయి నీళ్లు. నిన్న సాయంత్రం వాడే, లోతు వైపు అడుగున పడి ఉన్న వాళ్లక్క హెయిర్‌పిన్నుని గట్టు మీద నుంచే వేలుపెట్టి చూపించాడు. ఈ రెండిటికీ మధ్య జరిగిందంతా ఒక్కరి చలవ. మా స్నేహితుడి అక్కగారు. నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. పేరు రాస్తే మాట్లాడనని ముందే బెదిరించారు కాబట్టి అక్క అనే రాస్తాను. థాంక్స్ అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. పైగా నాలాగే బిళ్లల డబ్బా పట్టుకుని తల గోక్కుంటున్నవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

ముందు నా ఘనకార్యం చెప్పుకోవాలి. మా పూల్‌లో సుమారు 50 వేల లీటర్లు పడతాయి. నీళ్ల మీద తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు వేసి వదిలేయడమే నాకు తెలిసిన మెయింటెనెన్స్. మొదట్లో అద్దంలా ఉండేవి నీళ్లు. తర్వాత మెట్ల మూలల్లో జారుడు మొదలైంది. ఇంకో బిళ్ల వేశాను. గోడల మీద పచ్చ చార కనబడింది. ఇంకో రెండు వేశాను. నీళ్ల పరీక్ష కిట్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు బాగానే వచ్చేది, స్ట్రిప్ కూడా క్లోరిన్ 3 ఉందనేది. ఉంటే మరి పాచి ఎందుకు? పిల్లల కళ్లు ఎర్రబడుతున్నాయి, ఘాటు వాసన. ఇంట్లో సగం మంది క్లోరిన్ ఎక్కువైందన్నారు, సగం మంది తక్కువైందన్నారు. నేను ఇద్దరి మాటా విన్నాను. ఒకరోజు ఆపేశాను, మర్నాడు రెండింతలు వేశాను. చివరికి పాచిమందు కూడా పోశాను. నురగ వచ్చింది, అంతే.

ఫోన్‌లో ఈ కథంతా విని అక్క అడిగిన మొదటి ప్రశ్న: "ఖాళీ డబ్బాలు పారేశావా, ఉన్నాయా?"

ఉన్నాయి. ఆదివారం ఆవిడ వచ్చేసరికి షెడ్డులోంచి తీసి వరుసగా పెట్టాను. 5 కిలోల డబ్బాలు నాలుగు. అక్క మెట్టు మీద కూర్చుని ఒకదాని మీది లేబుల్ చదివించారు. ట్రైక్లోర్, 200 గ్రాముల బిళ్లలు, స్టెబిలైజ్డ్. ఆ చివరి మాటని నేను ఇన్నాళ్లూ సరుకు నాణ్యత గురించిన మెచ్చుకోలు అనుకున్నాను. అది లోపల ఉన్న ఇంకో మందు సంగతి చెబుతోందట. బిళ్లలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ ఉంటుంది, స్టెబిలైజర్ అనేది దాన్నే. ఒక్కో బిళ్ల కరిగితే సుమారు 111 గ్రాముల స్టెబిలైజర్ నీళ్లలో మిగులుతుంది. మా 50 వేల లీటర్లకి అది 2.2 పీపీఎం. పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. నాలుగు డబ్బాలంటే 100 బిళ్లలు. "లెక్క నువ్వే చెయ్యి తమ్ముడూ" అన్నారు. చేశాను. 220.

క్లోరిన్ పని చేసి ఖర్చయిపోతుంది. స్టెబిలైజర్ ఖర్చు కాదు, ఆవిరి కాదు. నీళ్లు బయటికి పోతేనే అదీ పోతుంది. నేను వేసిన ప్రతి బిళ్లా క్లోరిన్ ఇచ్చి వెళ్లిపోయింది కానీ తోడు తెచ్చిన చుట్టాన్ని మా ఇంట్లోనే వదిలేసింది.

లెక్కతో ఊరుకోకుండా కొలిచి చూపించారు. కిట్‌లోంచి ఒక సన్నటి గొట్టం తీశారు, అడుగున నల్ల చుక్క. పూల్ నీళ్లకి సమానంగా మందు కలిపి సీసాని అరనిమిషం ఊపితే స్టెబిలైజర్ ఉన్నకొద్దీ తెల్లగా మసకబారుతుంది. నన్ను సూర్యుడికి వీపు పెట్టి నిలబడమని, గొట్టాన్ని నడుము ఎత్తులో పట్టుకుని పైనుంచి చూస్తూ ఆ మసక నీళ్లని కొంచెం కొంచెం పోయమన్నారు. చుక్క ఎక్కడ మాయమైతే అక్కడి గీత చదవాలి. అన్నిటికన్నా కింద ఉన్న 100 గీత చేరకముందే నా చుక్క మాయమైంది. ఆ గొట్టం 100 దాటి కొలవలేదు. అందుకని ఒక వంతు పూల్ నీళ్లకి ఒక వంతు కుళాయి నీళ్లు కలిపాం. అప్పుడూ చుక్క 100 గీత దగ్గర్లోనే పోయింది, సరిగ్గా చదవడం కుదరలేదు. ఒకటికి మూడు వంతులు కలిపితే 45 దగ్గర చుక్క పోయింది. నాలుగుతో హెచ్చిస్తే 180. లెక్కలో తేలిన 220కి తగ్గిన ఆ 40, ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి తిప్పి కడిగే బ్యాక్‌వాష్‌లోనూ పిల్లల గంతుల్లోనూ బయటికి పోయి ఉంటుందన్నారు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి నీళ్లలో ఏముందో చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అయితే స్టెబిలైజర్ శత్రువు కాదని అక్క గట్టిగా చెప్పారు. నేను అప్పటికే మొత్తం తీసిపారేద్దాం అన్నంత ఊపు మీదున్నాను. స్టెబిలైజర్ బొత్తిగా లేకపోతే మంచి ఎండలో గంట తిరిగేసరికి సగానికి పైగా క్లోరిన్ ఎగిరిపోతుందట. స్టెబిలైజర్ క్లోరిన్‌ని తన దగ్గర పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది. అది ఎండ నుంచి కాపాడుతుంది కానీ, ఎక్కువైతే పాచిని చంపాల్సిన క్లోరిన్‌ని కూడా కదలనివ్వదు. అందుకే విడిగా 3 ఉంటే మంచిదా కాదా అన్న ప్రశ్నకి అర్థం లేదన్నారు. స్టెబిలైజర్ ఎంత ఉందో చూసి, అందులో 7.5 శాతానికి తగ్గకుండా క్లోరిన్ ఉంచాలి. 180కి అది 13.5. నేను 3 పెట్టుకుని పాచిని తిట్టుకుంటున్నాను. ఆ ఘాటు వాసన కూడా ఎక్కువైన క్లోరిన్‌ది కాదట. చెమటా అదీ ఇదీ కలిసి మురిగిపోయిన క్లోరిన్‌ది. నా పసుపు చుక్కలు మంచిదాన్నీ మురిగినదాన్నీ కలిపి చూపిస్తాయి, వేరు చేయలేవు.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా థాంక్స్ చెప్పాల్సిన విషయం. బిళ్లలు వద్దన్నారు కదా అని, ఇంట్లో ఉన్న కాల్షియం హైపో అనే ఇంకో రకం క్లోరిన్ పొడి తెచ్చి అదే తేలే డబ్బాలో పోయబోయాను. అందులో ఇంకా అరబిళ్ల తడితడిగా ఉంది. "ఆగు!" అని అరిచారు చూడండి, ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉంది. ఆ రెండు రకాల క్లోరినూ ఒకచోట కలిస్తే మంట లేవొచ్చు, పేలొచ్చు. రెండూ క్లోరినే కదా అనుకున్నాను నేను! పొడిని పక్కన పెట్టించి, రెండు డబ్బాలూ వేర్వేరు అరల్లో సర్దించి, యాసిడ్ సీసాని వాటికి దూరంగా పెట్టించాకే మిగతా మాటలు మాట్లాడారు. యాసిడ్ క్లోరిన్‌లో పడితే విషవాయువు వస్తుంది. ఏ మందైనా నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. ఇది తెలియకుండా ఇన్నాళ్లు ఎలా గడిపానో తలుచుకుంటే కాళ్లు వణుకుతున్నాయి.

180 ఉన్న నీళ్లలో పాచిని చంపాలంటే క్లోరిన్‌ని స్టెబిలైజర్‌లో 40 శాతానికి, అంటే 72కి తీసుకెళ్లాలి. 10 శాతం ద్రవ క్లోరిన్ అర లీటరు పోస్తే మా పూల్‌లో 1 పీపీఎం పెరుగుతుంది. అంటే 36 లీటర్లు, అదీ ఒక్క విడతకి. అదే స్టెబిలైజర్ 45కి దిగితే 9 లీటర్లు చాలు. కాబట్టి నీళ్లు మార్చక తప్పలేదు. ఒకేసారి ఖాళీ చేస్తానన్నాను. భూమిలో నీటిమట్టం పైకి ఉంటే ఖాళీ తొట్టి కింద నుంచి తన్నుకుని లేచిపోతుందట, వద్దన్నారు. సగం తీసి, నింపి, పంపు తిప్పి బాగా కలిశాక మళ్లీ సగం. 180 కాస్తా 90, తర్వాత 45. మోటారు ఇచ్చిన పక్కింటి బాబాయ్, గొట్టం జారకుండా ఇటుక పెట్టి అర్ధరాత్రి దాకా కాపలా కాశారు. బాబాయ్, మీకూ దణ్ణం.

ఆ తర్వాతి వారమంతా నా చేతిలో బ్రష్షే. ముందు పీహెచ్‌ని (నీళ్లలో ఆమ్లం పాళ్లు చెప్పే అంకె) 7.2 దగ్గరికి తెచ్చాం, ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక ఆ పరీక్ష రంగుని నమ్మలేం. తర్వాత 9 లీటర్లు పోసి 18కి తెచ్చాం. కొన్ని గంటలకే 11కి పడిపోయింది, ఇంకో మూడున్నర లీటర్లు. అక్క ఇచ్చిన కొత్త పరీక్షలో 10 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, చుక్కకి అర పీపీఎం. మా అమ్మాయికి ఇది ఆటైపోయింది. నాలుగో రోజుకి పచ్చ పోయి పాలనీళ్లలా తెల్లబడ్డాయి. పాడైపోయిందని కంగారుగా ఫోన్ చేస్తే, "చచ్చిన పాచి, ఫిల్టర్ కడుగు" అని పెట్టేశారు. ఒక రాత్రి 36 చుక్కలు, తెల్లారి 30. అంటే చీకట్లో 3 పీపీఎం పోయింది. ఎండ లేకుండా పోయిందంటే తినేది లోపలే ఉంది, ఆపకు అన్నారు. ఇంకో మూడు రోజులకి రాత్రి 36, పొద్దున 35. ఆ మాట చెప్పినప్పుడు అక్క మొదటిసారి "శభాష్" అన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దు వాలాక, పంపు నడుస్తుండగా, నీళ్లు వచ్చే రంధ్రం ముందు లీటరున్నర ద్రవ క్లోరిన్ నెమ్మదిగా పోస్తున్నాను. దాన్ని నీడలోనే పెట్టాలి, నిలవున్నకొద్దీ బలం తగ్గుతుంది. క్లోరిన్ 5 దగ్గర నిలబడుతోంది. బిళ్లలు ఊరెళ్లినప్పటికి మాత్రమే.

అక్కా, మీరు నన్ను ఒక్కసారి కూడా తెలివితక్కువవాడా అనలేదు. అనడానికి కావాల్సినన్ని అవకాశాలు ఇచ్చాను. మీ నల్ల చుక్క గొట్టం ఇంకా మా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తాను. గులాబీ రంగు పోగొట్టే సీసా మాత్రం మా అమ్మాయి ఖాళీ చేసేసింది. కొత్తది తెప్పించి పెట్టాను.