కాపలా లేని హామీ

అయ్యా,

అమెరికా, ఐరోపా దేశాలు ప్రధానంగా ఉన్న సైనిక కూటమి నాటో విస్తరణపై మీ సంపాదకీయ పుటలో కొంతకాలంగా సాగుతున్న చర్చను ఆసక్తితో చదువుతున్నాను. కూటమిని రష్యా గుమ్మం దాకా తెచ్చినందువల్లే ఉక్రెయిన్ యుద్ధం వచ్చిందని కొందరు, అది ఆత్మరక్షణ కోసం ఏర్పడిన కూటమి గనుక మాస్కో ఉలిక్కిపడనవసరం లేదని మరికొందరు రాస్తున్నారు. గత మూడు దశాబ్దాల తేదీలను వరుసగా పెట్టుకొని చూస్తే ఈ రెండు వాదాల్లో ఏదీ పూర్తిగా నిలవదని, అసలు ప్రమాదం విస్తరణలో కంటే అర్ధాంతరంగా ఆపిన విస్తరణలో ఉందని నాకు అనిపిస్తోంది.

మాస్కో అనుమానం ఒట్టి కల్పనేమీ కాదు. నాటో పరిధి తూర్పుకు అంగుళమైనా జరగదని 1990 ఫిబ్రవరిలో, జర్మనీ ఏకీకరణ చర్చల సందర్భంగా, అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ సోవియట్ నేత గోర్బచేవ్‌తో అన్న మాట రికార్డుల్లో ఉంది. అయితే అది ఏ ఒప్పందంలోకీ ఎక్కలేదు. పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ 1999 మార్చి 12న సభ్యులయ్యాయి. పన్నెండు రోజులకే, మార్చి 24న, అదే కూటమి భద్రతా మండలి అనుమతి లేకుండా యుగోస్లావియాపై బాంబు దాడులు మొదలుపెట్టి 78 రోజులు కొనసాగించింది. ఆ దేశంలోని కొసావోలో జరుగుతున్న దారుణాలను ఆపడానికే అని చెప్పినా, తన సభ్యులెవరిపైనా దాడి జరగకుండానే యుద్ధానికి దిగిన సంస్థ తనది ఆత్మరక్షణ మాత్రమేనంటే పొరుగువాడు నమ్మడం కష్టమే.

అయినా అనుమానానికి కారణం ఉండటం వేరు, ముప్పు ఉండటం వేరు. ముప్పును సభ్యదేశాల సంఖ్యను బట్టి కాక సరిహద్దులో నిలిచిన బలగాన్ని బట్టి లెక్కగడితే సంగతి మరోలా తేలుతుంది. 2004లో ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా చేరిన తరువాత పదేళ్లకు పైగా, గగనతల గస్తీకి వంతులవారీగా వచ్చిపోయే కొద్దిపాటి యుద్ధవిమానాలు తప్ప, కూటమి పోరాట దళాలు అక్కడ స్థిరంగా మకాం వేయలేదు. జర్మనీలో మిగిలిన చివరి అమెరికన్ ట్యాంకులు సైతం 2013లో ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్నది ఆ మరుసటి ఏడాదే. బాల్టిక్ దేశాలకూ పోలండ్‌కూ సుమారు వెయ్యి మంది చొప్పున బహుళదేశ పటాలాలు వచ్చింది ఆ తరువాత, 2017లో. పైగా ఏ సైనిక కూటమిలోనూ చేరబోమని ఉక్రెయిన్ 2010లో చేసుకున్న చట్టం క్రిమియా పోయిన నాటికి అమల్లోనే ఉంది. దాన్ని రద్దు చేసింది 2014 డిసెంబరులో. దీన్ని మన వ్యాసకర్తలు ఎందుకో ప్రస్తావించరు.

ఫిన్లాండ్ సంగతి ఇంకా స్పష్టం. దశాబ్దాల తరబడి ఏ కూటమిలోనూ చేరకుండా ఉన్న ఆ దేశం, ఉక్రెయిన్‌పై దండయాత్ర చూసి మనసు మార్చుకొని, 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. దాని వల్ల సుమారు 1,340 కిలోమీటర్ల కొత్త సరిహద్దు ఏర్పడి, నాటోతో రష్యాకున్న భూసరిహద్దు రెట్టింపుకు మించిపోయింది; రష్యా రెండో పెద్ద నగరమైన సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆ సరిహద్దుకు రెండు వందల కిలోమీటర్ల లోపే ఉంది. కూటమి దగ్గరకు రావడమే ప్రాణాపాయమైతే యుద్ధం ఇక్కడ రావాలి. కానీ ఫిన్లాండ్, స్వీడన్ చేరికతో తక్షణ ముప్పు లేదని, అక్కడ సైనిక వసతులు పెరిగితే మాత్రం స్పందిస్తామని పుతిన్ 2022 మేలో అన్నారు. ఫిన్లాండ్ వైపున్న లెనిన్‌గ్రాడ్ సైనిక మండలాన్ని 2024లో పునరుద్ధరించారు గానీ, దాడికి దిగలేదు. రష్యా భూభాగానికి వచ్చే ముప్పు ఒకటి, పొరుగు దేశాలపై రష్యా పెత్తనానికి వచ్చే ముప్పు మరొకటి. నాటో విస్తరణ రెండోదాన్ని నిజంగానే దెబ్బతీసింది. ఆ పెత్తనం మాస్కోకు హక్కుగా దక్కాలా అన్న ప్రశ్నకు పోలండ్ రాజధాని వార్సాలోనో ఎస్తోనియా రాజధాని టాలిన్‌లోనో వచ్చే జవాబు, ఇక్కడ కూర్చొని మనం ఇచ్చే జవాబు ఒకటి కాకపోవచ్చు.

ఇక నాటో చేసిన అసలు తప్పు 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్ నాటో సమావేశంలో జరిగింది. ఉక్రెయిన్, జార్జియాలను సభ్యత్వ సన్నాహక ప్రణాళికలో చేర్చాలని అమెరికా అధ్యక్షుడు బుష్ పట్టుబట్టగా జర్మనీ, ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. ఉక్రెయిన్ సభ్యత్వం పుతిన్‌కే కాదు, రష్యా పాలకవర్గం మొత్తానికీ మింగుడుపడని విషయమని మాస్కోలోని అమెరికా రాయబారి విలియం బర్న్స్ అప్పటికే హెచ్చరించి ఉన్నారు. చివరికి రాజీగా ఈ రెండు దేశాలూ ఏదో ఒక రోజు సభ్యులవుతాయని ప్రకటించి, తేదీ గానీ ప్రణాళిక గానీ ఇవ్వకుండా సమావేశం ముగించారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టయింది. ఆ వాక్యం రష్యాకు ఆగ్రహించడానికి సాకు, అడ్డుకోవడానికి వ్యవధి రెండూ ఇచ్చింది. కీవ్‌కు, టిబిలిసీకి ఒక్క సైనికుడి రక్షణ కూడా ఇవ్వలేదు, ఎందుకంటే ఒకరిపై దాడిని అందరిపై దాడిగా పరిగణించే ఐదో అధికరణం సభ్యులకే వర్తిస్తుంది. నాలుగు నెలలు తిరిగేసరికి రష్యాతో జార్జియాకు యుద్ధం వచ్చింది.

ఆ అధికరణం విలువ ఏమిటో మన పిల్లలు కాలినడకన తెలుసుకున్నారు. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులు చలిలో బారులు తీరి దాటిన సరిహద్దులు పోలండ్, స్లొవేకియా, హంగరీ, రొమేనియాలవి. ఒకనాడు సోవియట్ పక్షాన వార్సా ఒప్పందపు సైనిక కూటమిలో ఉన్న ఇవన్నీ ఇప్పుడు నాటో సభ్యులు. ఆ గీత దాటాక పిల్లలు ఫోన్ చేస్తే ఇక్కడి తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు.

నిరోధం, అంటే దాడికి దిగకుండా ప్రత్యర్థిని ఆపే బెదురు, పనిచేయదని కాదు, సగం నిరోధం పనిచేయదని నా మనవి. 1994లో బుడాపెస్ట్‌లో అణ్వాయుధాలు వదులుకున్నందుకు బదులుగా ఉక్రెయిన్‌కు అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలతో దక్కింది కూడా, ఉల్లంఘిస్తే ఎవరేం చేస్తారో చెప్పని హామీ పత్రమే. 2024 జులైలో వాషింగ్టన్ నాటో సమావేశం ఉక్రెయిన్ సభ్యత్వ మార్గం వెనక్కి మళ్లనిదని ప్రకటించింది. ఈసారీ తేదీ వేయలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం